మినీ పీసీనే ప్రధాన గేమింగ్ కంప్యూటర్‌గా కొనేటప్పుడు
చిన్న పెట్టెలా ఉండే మినీ పీసీలో ముందుగా పరిశీలించవలసినది చిప్‌లోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్. రేడియాన్ 780ఎం గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 7 8845హెచ్‌ఎస్ వంటి చిప్, సెట్టింగులు కొంత తగ్గించుకుంటే, చాలా ఆటలను 1080పీ రిజల్యూషన్‌లో సాఫీగానే నడుపుతుంది. కొత్త భారీ ఆటలను 1440పీలో ఆడదలచినవారు దీని జోలికి పోకపోవడమే మేలు.

ఈ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది కాబట్టి, 32 జీబీని ఒకే స్టిక్‌గా కాక 16 జీబీ స్టిక్కులు రెండుగా అమర్చిన మోడల్‌నే తీసుకోవాలి. ఒక్కటే ఉంటే మెమరీ బ్యాండ్‌విడ్త్ (డేటా అందే వేగం) సగానికి పడిపోయి, అదే ఆట తడబడుతుంది. అమ్మేవారు చాలామంది ఈ సంగతి అడిగితే తప్ప చెప్పకపోవచ్చు. ‘బేర్‌బోన్’ అని ఉంటే ర్యామ్, ఎస్ఎస్‌డీ విడిగా కొనుక్కోవాలి.

మున్ముందు బయటి గ్రాఫిక్స్ కార్డు తగిలించే ఆలోచన ఉంటే ఆక్యులింక్ పోర్టు ఉన్నదాన్ని ఎంచుకోవచ్చు. అయితే ఆ కార్డును అమర్చే డాక్, పవర్ సప్లై ఖర్చు కూడా కలిపి, మామూలు డెస్క్‌టాప్ ధరతో పోల్చి చూసుకున్నాకే నిర్ణయించాలి.