బ్రౌజర్ నెమ్మదించిందా? క్యాష్ క్లియర్ చేసే ముందు ఒక్క నిమిషం

కొత్తలో క్లిక్ చేయగానే చటుక్కున తెరుచుకున్న బ్రౌజరే, ఏడాదో రెండేళ్లో గడిచేసరికి ఒక్కో ట్యాబ్ తెరవడానికి తెగ ఆలోచిస్తుంది. ఎవరిని అడిగినా "హిస్టరీ, క్యాష్ మొత్తం క్లియర్ చెయ్" అనే అంటారు. దయచేసి మొదట ఆ పని చేయకండి. క్యాష్ అంటే చెత్త కాదు. మీరు రోజూ చూసే సైట్ల బొమ్మలు, ఫైళ్లు ప్రతిసారీ నెట్ నుంచి తెచ్చుకోనక్కర్లేకుండా బ్రౌజర్ మీ డిస్క్‌లో దాచిపెట్టుకున్న కాపీలు అవి. వాటిని తుడిచేస్తే ఆ సైట్లన్నీ తర్వాతిసారి ఇంకా ఆలస్యంగా తెరుచుకుంటాయి, పనిలో పనిగా కుకీలు (మీరు లాగిన్ అయ్యారని సైట్లు గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) కూడా తుడిచేశారంటే అన్ని చోట్లా లాగౌట్ అయిపోయి పాస్‌వర్డ్‌లు గుర్తు చేసుకుంటూ కూర్చోవాలి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ముందు వేగాన్ని ఏది తినేస్తోందో పట్టుకోవాలి, తర్వాతే ఏదైనా తీసేయాలి.

అంతకన్నా ముందు, తప్పు బ్రౌజర్‌దా నెట్‌దా అన్నది తేల్చుకోండి. బ్రౌజర్ సెట్టింగ్స్ పేజీ తెరిచి చూడండి, దానికి నెట్‌తో పనిలేదు. అది కూడా ఈడ్చుకుంటూ వస్తే సమస్య బ్రౌజర్‌లోనో కంప్యూటర్‌లోనో ఉన్నట్టే. సెట్టింగ్స్ టక్కున వచ్చి సైట్లు మాత్రమే మొరాయిస్తుంటే, అదే సైట్‌ని ఇంకో బ్రౌజర్‌లో తెరవండి. అక్కడా అంతే నెమ్మదిగా ఉంటే అది నెట్ సమస్యో ఆ సైట్ సమస్యో, కింద చెప్పేవాటితో తీరదు.

బ్రౌజర్‌దే అని తేలిందా, అయితే షిఫ్ట్ పట్టుకుని ఎస్కేప్ నొక్కండి. విండోస్‌లో క్రోమ్, ఎడ్జ్, ఈమధ్య ఫైర్‌ఫాక్స్ కూడా ఈ రెండు మీటలకే సొంత టాస్క్ మేనేజర్ తెరుస్తాయి. తెరుచుకోకపోతే మెనూలో మోర్ టూల్స్ కింద వెతకండి. ఇది విండోస్ టాస్క్ మేనేజర్ కాదు, బ్రౌజర్‌ది. ఏ ట్యాబ్ ఎంత మెమరీ తింటోందో, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి అదనంగా వేసుకునే చిన్న ప్రోగ్రామ్) ప్రాసెసర్‌ని ఎంత వాడుతోందో విడివిడిగా చూపిస్తుంది. సీపీయూ (అంటే ప్రాసెసర్) అన్న శీర్షిక మీద క్లిక్ చేస్తే ఎక్కువ తినేది పైకి వస్తుంది. ఒక నిమిషం పాటు అలా చూస్తూ ఉండండి, ఎందుకంటే పేజీ తెరుచుకునేటప్పుడు అంకె ఒక్కసారి పైకి లేవడం మామూలే, మీరు ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నప్పుడు కూడా దిగకుండా ఉండేదే దొంగ. దాన్ని ఎంచుకుని ఎండ్ ప్రాసెస్ నొక్కితే అది ఒక్కటే ఆగిపోతుంది, మిగతావి అలాగే ఉంటాయి. ఆ ట్యాబ్‌లో సగం నింపిన ఫారం ఏదైనా ఉంటే పోతుంది, చూసుకుని నొక్కండి. బ్రౌజర్, జీపీయూ ప్రాసెస్ అని కనిపించేవి దాని సొంతవి, వాటి జోలికి పోవద్దు.

అక్క ల్యాప్‌టాప్ ఇలాగే అయింది. మెయిల్‌లో టైప్ చేస్తుంటే అక్షరాలు రెండు సెకన్ల తర్వాత గుంపుగా వచ్చి పడేవి, ఫ్యాన్ ఆగేదే కాదు. కొత్త ల్యాప్‌టాప్ కొనాలేమో అని తను టెన్షన్ పడుతోంది, అప్పటికే క్యాష్ మూడుసార్లు క్లియర్ చేసింది. టాస్క్ మేనేజర్ తెరిస్తే, ఎప్పుడో ఒక్క స్క్రీన్‌షాట్ కోసం వేసుకుని మర్చిపోయిన ఎక్స్‌టెన్షన్ జాబితాలో అందరికన్నా పైన కూర్చుని ఉంది, ఖాళీగా ఉన్నా దిగట్లేదు. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్లి దాని కింద రిమూవ్ నొక్కాం, ఫ్యాన్ చప్పుడు తగ్గింది, అక్షరాలు వేళ్లతో పాటే రావడం మొదలుపెట్టాయి.

నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికేది ఎక్స్‌టెన్షనే. "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం" అని అనుమతి ఇచ్చిన ఎక్స్‌టెన్షన్ మీరు తెరిచే ప్రతి పేజీలోనూ తన కోడ్ నడపగలదు. అలాంటివి పది ఉంటే ప్రతి పేజీ మీదా పది మంది చేయి పడ్డట్టే. వేగం మాట అటుంచితే ఇంకో ప్రమాదం ఉంది. ది గ్రేట్ సస్పెండర్ అని వాడని ట్యాబ్‌లని నిద్రపుచ్చే ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉండేది, చాలామంది నమ్మి వాడారు. అది 2020లో వేరేవాళ్ల చేతికి వెళ్లింది, 2021 ఫిబ్రవరిలో మాల్వేర్ (హాని చేసే కోడ్) ఉందంటూ గూగుల్ దాన్ని తీసేసింది. మంచిదని వేసుకున్నది ఎప్పటికీ మంచిగానే ఉంటుందనే భరోసా లేదు కాబట్టి నెల రోజులుగా ముట్టుకోనిది ఏదైనా సరే తీసేయండి.

ఎక్స్‌టెన్షన్ల మీదే అనుమానం ఉండి ఏదో తెలియకపోతే ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అక్కడ పనిచేయవు. అక్కడ వేగంగా ఉంటే మామూలు విండోకి వచ్చి అన్నింటినీ ఆపేసి, ఒక్కొక్కటే ఆన్ చేసుకుంటూ రండి. ఓపిక కావాలి కానీ ఖచ్చితంగా దొరుకుతుంది.

ఎక్స్‌టెన్షన్లు కాకపోతే ట్యాబ్‌లు. క్రోమ్ 2018లో 67వ వెర్షన్ నుంచి ఒక్కో సైట్‌ని విడి ప్రాసెస్‌లో పెడుతోంది, స్పెక్టర్ లాంటి ప్రాసెసర్ లోపాలని వాడుకుని ఒక సైట్ ఇంకోదాని డేటా చదవకుండా. భద్రతకి అది మంచిదే, మెమరీ మాత్రం ఆ మేరకు ఎక్కువ పడుతుంది. 4 జీబీ ర్యామ్ మీద నలభై ట్యాబ్‌లు తెరిచి ఉంచితే ర్యామ్ చాలక కంప్యూటర్ డిస్క్‌ని వాడుకోవడం మొదలుపెడుతుంది, పాత హార్డ్ డిస్క్ అయితే ఇక చెప్పక్కర్లేదు. తర్వాత చదువుదామని ఉంచుకున్నవాటిని బుక్‌మార్క్ చేసి మూసేయండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ ఆన్ చేసుకుంటే చూడకుండా వదిలేసిన ట్యాబ్‌లు ర్యామ్‌ని వదులుతాయి, మళ్లీ నొక్కితే లోడ్ అవుతాయి. డిస్క్ నిండిపోయి ఉందేమో కూడా చూడండి.

చిన్న పనులు రెండు. అప్‌డేట్ వచ్చి బ్రౌజర్ రీస్టార్ట్ కోసం ఎదురుచూస్తోందేమో అబౌట్ పేజీలో చూసి రీలాంచ్ చేయండి, ల్యాప్‌టాప్‌ని స్లీప్‌లో పెట్టి వారాల తరబడి బ్రౌజర్ మూయనివాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. విండోస్ 7, 8.1 వాడేవాళ్లకి క్రోమ్ 109తో ఆగిపోయింది, అక్కడ కొత్త వెర్షన్ రాదు. ఇక వీడియోలు, స్క్రోలింగ్ మాత్రమే తడబడుతుంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద ఉండే గ్రాఫిక్స్ యాక్సెలరేషన్‌ని ఆఫ్ ఉంటే ఆన్, ఆన్ ఉంటే ఆఫ్ చేసి రీలాంచ్ చేసి తేడా చూడండి. గ్రాఫిక్స్ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) సరిగ్గా లేని కొన్ని కంప్యూటర్లలో ఆపేస్తేనే బాగుంటుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఒకట్రెండు సైట్లు సరిగ్గా తెరుచుకోకపోతే, అప్పుడు క్యాష్. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కి, క్యాష్ అయిన బొమ్మలు, ఫైళ్లు అన్న గడి ఒక్కటే టిక్ చేయండి. పాస్‌వర్డ్‌ల గడి కనిపిస్తే అది టిక్ అయి లేదని రెండుసార్లు చూసుకోండి.

దానికీ లొంగకపోతే అదే బ్రౌజర్‌లో కొత్త ప్రొఫైల్ (సెట్టింగ్స్, బుక్‌మార్క్‌లు, ఎక్స్‌టెన్షన్లు విడిగా ఉండే ఖాతా) ఒకటి సృష్టించి ఒక రోజు వాడండి. అందులో చక్కగా నడుస్తుంటే మీ పాత ప్రొఫైల్ పాడైనట్టు, అప్పుడే రీసెట్. క్రోమ్‌లో రీసెట్ చేస్తే ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, కుకీలు పోతాయి, బుక్‌మార్క్‌లు, హిస్టరీ, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఫైర్‌ఫాక్స్‌లో దాన్ని రిఫ్రెష్ అంటారు, అది ఎక్స్‌టెన్షన్లని పూర్తిగా తీసేసి, పాత ప్రొఫైల్‌ని డెస్క్‌టాప్ మీద ఓల్డ్ ఫైర్‌ఫాక్స్ డేటా అన్న ఫోల్డర్‌లో పెడుతుంది. అందులో మీ పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయి, అంతా సరిగ్గా ఉందని చూసుకున్నాక ఆ ఫోల్డర్‌ని డిలీట్ చేయడం మర్చిపోకండి.