ఓడ ప్రయాణం నేర్చుకుందాం – 3వ పాఠం: నడిసముద్రంలో నెట్

కిందటి పాఠంలో పాస్‌పోర్టు, వీసా కాగితాలు సర్దుకున్నాం. ఈసారి ఫోన్ సంగతి.

అమెరికాలో ఉన్న పిల్లలు అలాస్కా క్రూయిజ్‌కి టికెట్లు తీశారనగానే, విజయవాడలోనైనా గుంటూరులోనైనా పెద్దవాళ్లు ముందు అడిగేది "ఓడలో వాట్సాప్ వస్తుందా?" అనే. నిక్షేపంగా వస్తుంది. అయితే అందుకు చేయాల్సిన పనిలో ముప్పాతిక భాగం ఇక్కడ ఇంట్లో కూర్చుని చేయాల్సిందే.

అసలు నెట్ ఎలా వస్తుందో చూద్దాం. ఒడ్డు వదిలి కాస్త దూరం పోయాక నేలమీది టవర్లు అందవు. ఓడ నెత్తిన ఉండే యాంటెనాలు ఉపగ్రహం నుంచి నెట్ అందుకుంటాయి, దాన్నే వైఫైగా గదులన్నిటికీ పంచుతారు. పాత తరహా ఉపగ్రహాలు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మన మాట అంత దూరం పోయి, జవాబు తిరిగి రావడానికి అర సెకను పైనే పడుతుంది. ఫోన్లో ఇద్దరి మాటలూ ఒకదానిమీద ఒకటి పడేది అందుకే. స్పేస్‌ఎక్స్ కంపెనీ నడిపే స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, అందుకే ఆ ఆలస్యం బాగా తగ్గుతుంది. రాయల్ కరీబియన్ గ్రూపు అనే క్రూయిజ్ కంపెనీ 2022లో తన ఓడలకు ఈ సేవ పెట్టిస్తున్నట్టు ప్రకటించింది, ఆ తర్వాత మరికొన్ని పెద్ద కంపెనీలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు సముద్రం మధ్య నుంచి మనవడి ముఖం చూస్తూ మాట్లాడగలుగుతున్నామంటే అదే కారణం.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. చాలా ఓడల్లో వైఫై కాక, ఓడ సొంత మొబైల్ టవర్ కూడా ఉంటుంది. మామూలు విదేశీ రోమింగ్ ప్యాక్ చాలాసార్లు దానికి వర్తించదు, రేటు మాత్రం విపరీతం. ఫోన్ మిమ్మల్ని అడగకుండానే ఆ టవర్‌ని పట్టుకుంటుంది. అందుకని ఓడ రేవు వదలకముందే ఫ్లైట్ మోడ్ వేసేయండి, ఆ తర్వాత వైఫై ఒక్కటి ఆన్ చేయండి. వరుస అదే.

ఇది ఈ రాత్రే సాధన చేయండి. ఇంట్లో ఫ్లైట్ మోడ్ వేసి, వైఫై ఆన్ చేసి, వాట్సాప్‌లో ఎవరికైనా ఫోన్ చేయండి. కాల్ వెళ్తుంది. "సిమ్ ఆగిపోతే వాట్సాప్ పోతుందేమో" అన్న భయం దాంతో వదిలిపోతుంది. సిమ్ మాత్రం ఫోన్లోంచి తీయకండి.

రెండో సాధన ఇంకా ముఖ్యం. వైఫై కనబడగానే ఫోన్ దాన్ని మనింటి వైఫై లాగే చూస్తుంది. ఫొటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు, గ్రూపుల్లో పడే శుభోదయం వీడియోలు, అన్నీ ఒక్కసారి మొదలుపెడుతుంది. మీరు కొన్న కాస్త నెట్టూ వాటికే చాలదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో "స్టోరేజ్ అండ్ డేటా"కి వెళ్లి, వైఫై ఉన్నప్పుడు తనంతట తాను డౌన్‌లోడ్ అయ్యేవాటికి టిక్కులన్నీ తీసేయండి. గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఆపండి. ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపండి. తిరిగొచ్చాక మళ్లీ పెట్టుకోవచ్చు.

మూడోది సరదాగా ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో విజయవాడ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని, ఫ్లైట్ మోడ్ వేసి బీసెంట్ రోడ్డులో నాలుగడుగులు నడవండి. నీలం చుక్క మీతోపాటే కదులుతుంది. జీపీఎస్‌కి సిమ్మూ అక్కర్లేదు, నెట్టూ అక్కర్లేదు. అలాగే అలాస్కాలోని జూనో, కెచికాన్ లాంటి రేవు పట్టణాల మ్యాపులు ఇక్కడే దింపుకుంటే అక్కడ దారి తప్పరు.

ప్లాన్ కొనేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: ఒకేసారి ఎన్ని ఫోన్లకు పనిచేస్తుంది, వీడియో కాల్ ఉందా. కొన్ని ఓడల చౌక ప్లాన్‌లో సందేశాలు మాత్రమే వెళ్తాయి. చాలా ఓడల్లో ఒక ఫోన్ ప్లాన్‌ని భార్యాభర్తలిద్దరూ వాడుకోవచ్చు, కాకపోతే ఒకరు లాగౌట్ అయ్యాకే రెండోవాళ్లకు వస్తుంది. చాలా కంపెనీల్లో ఓడ ఎక్కకముందు కొంటే ధర తక్కువ. ఓడ కంపెనీ యాప్ కూడా ఇక్కడే వేసుకోండి. భోజనం వేళలు, ఆ రోజు కార్యక్రమాలు అందులో చూసుకోవడానికి చాలా ఓడల్లో నెట్ కొననక్కర్లేదు.

ఓటీపీల గురించి తప్పకుండా చెప్పాలి. ఫ్లైట్ మోడ్‌లో బ్యాంకు ఎస్సెమ్మెస్ రాదు. కరెంటు బిల్లు, ఎల్ఐసీ ప్రీమియం, గ్యాస్ బుకింగ్ వంటివి బయలుదేరేలోపే ముగించండి.

వీడియో కాల్‌కి మంచి వేళ పొద్దున్నే. రాత్రి భోజనాలయ్యాక అందరూ నెట్ మీద పడతారు. వేసవిలో జూనోలో ఉదయం ఏడైతే విజయవాడలో అదే రోజు రాత్రి ఎనిమిదిన్నర, ఇంట్లోవాళ్లు మెలకువగానే ఉంటారు. గదిలో సిగ్నల్ అందకపోతే తలుపు దగ్గరికి జరగండి, ఓడ గోడలు ఇనుపవి.

వచ్చే పాఠంలోపు పై మూడు సాధనలూ ఒక్కసారైనా ఎవరి సాయమూ లేకుండా చేసి ఉండండి. ఆ పాఠంలో ఓడలో ఇచ్చే గది కార్డు, దానిమీద పడే బిల్లు చూద్దాం.