బైబిలు నగరాలను చదవడం, 4వ పాఠం: లాకీషు ముట్టడి

మట్టిదిబ్బలోని పొరల వరుసను ఎలా గుర్తించాలో గత పాఠంలో చూశాం. ఒకే సంఘటనను వేర్వేరు ఆధారాలు చెబుతున్నప్పుడు, ప్రతి ఆధారమూ ఏం చెప్పకుండా వదిలేసిందో పట్టుకోవడం ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని. ఇందుకు యెరూషలేముకు నైరుతిగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, యూదా కొండలకూ తీర మైదానానికీ నడుమ ఉన్న లాకీషును మించిన ఉదాహరణ నాకు తోచలేదు. యూదా రాజు రెహబాము పటిష్ఠం చేసిన పట్టణాల్లో ఇదొకటి.

క్రీ.పూ. 701లో అష్షూరు (అస్సీరియా) రాజు సన్హెరీబు యూదాపై దండెత్తాడు. రాజులు రెండవ గ్రంథం 18, 19 అధ్యాయాలు తెరచి, లాకీషు పేరు వచ్చిన ప్రతి వచనం కింద గీత గీయండి. యూదా రాజు హిజ్కియా లొంగుబాటు కబురు పంపింది అక్కడికే, సన్హెరీబు అధికారి రబ్షాకే సైన్యంతో బయలుదేరింది అక్కడినుంచే. అయినా ఆ పట్టణం పడిపోయిందని పేరుపెట్టి ఎక్కడా చెప్పలేదు. సన్హెరీబు శాసనం 46 కోటలను పట్టుకున్నట్టు చాటుతుంది గాని, అందులోనూ లాకీషు పేరు లేదు.

ఆ లోటును తీర్చేది అష్షూరు రాజధాని నీనెవెలోని రాజభవనపు గోడ శిల్పం. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కోటగోడను పొడిచే యంత్రం మీదికి పైనుంచి కాగడాలు పడుతుంటే, అది అంటుకోకుండా ఒక సైనికుడు పొడవాటి గరిటెతో నీళ్లు పోస్తుంటాడు. మరోపక్క ఎడ్లబండ్ల మీద మూటాముల్లెతో కుటుంబాలు బందీలుగా తరలిపోతుంటాయి. గెలిచినవాడు తన గొప్ప కోసం చెక్కించిన బొమ్మ కాబట్టి దీన్ని మట్టితో సరిచూడాలి. దిబ్బ నైరుతి మూలలో రాళ్లతో పోసిన ముట్టడి దారి నేటికీ కనిపిస్తుంది. అక్కడ బాణపు మొనలు, ఒడిసెల రాళ్లు విస్తారంగా దొరికాయి. లోపలివైపు, గోడ కూలినా నిలవడానికి యూదావారు ఎదురుగా పోసిన మట్టికట్ట కూడా బయటపడింది.

హిజ్కియా సన్హెరీబుకు కట్టిన కప్పం లెక్కలో జాగ్రత్త అవసరం. బంగారం రెండుచోట్లా 30 తలాంతులే (తలాంతు అంటే ఆనాటి ఒక తూకం). వెండి మాత్రం రాజులు రెండవ గ్రంథంలో 300, అష్షూరు శాసనంలో 800. తేడా కనిపించగానే ఒకరిది అబద్ధమని తేల్చేయకుండా, రెండు అంకెలనూ పక్కపక్కన రాసిపెట్టుకోండి.

అభ్యాసం: గ్రంథం, శాసనం, శిల్పం, తవ్వకం అని నాలుగు గడులు గీసి, ప్రతిదాని కింద అది చెప్పినదాన్నీ, వదిలేసినదాన్నీ విడివిడిగా నింపండి. బబులోను దండయాత్రనాటి లాకీషు ఉత్తరాలు వచ్చే పాఠంలో వస్తాయి. ఈలోగా యిర్మీయా 34:7 చదివి ఉంచండి.