మోడళ్లకు రంగు వేయడానికి మొదటి ఎయిర్‌బ్రష్‌ను, కంప్రెసర్‌ను ఎలా ఎంచుకోవాలి?

ప్లాస్టిక్ విమానం మోడల్ మీదో కారు మోడల్ మీదో కుంచె చారలు లేని పలుచని పూత రావాలంటే, గాలి తోపుతో రంగును చిమ్మే ఎయిర్‌బ్రష్‌ను మించిన పనిముట్టు లేదు. అయితే కొత్తవారిలో చాలామంది మంచి ఎయిర్‌బ్రష్ కోసం ఎంతో వెతికి, చివరికి మిగిలిన డబ్బుతో, దానికి గాలిని అందించే కంప్రెసర్ ఏదో ఒకటి కొంటారు. ఈ వరుసను తిప్పివేయడమే మేలని నా అభిప్రాయం. గాలి నిలకడగా రానప్పుడు ఎంత ఖరీదైన ఎయిర్‌బ్రష్ అయినా రంగును తుంపర్లుగా చిమ్ముతుంది. మంచి కంప్రెసర్ ఉంటే ఎయిర్‌బ్రష్‌ను తరువాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

మొదటి మెట్టు: కంప్రెసర్

ట్యాంకు ఉన్న కంప్రెసర్‌నే తీసుకోండి. పిస్టన్ కదిలిన ప్రతిసారీ గాలి ఒక్కొక్క తోపుగా వస్తుంది. ట్యాంకు లేకపోతే ఆ అదురు గొట్టం గుండా నాజిల్ (రంగు బయటికి వచ్చే సన్నని రంధ్రం) దాకా చేరి, సన్నని గీత గీస్తున్నప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. ఈ పనికి 3 లీటర్ల ట్యాంకు చాలు. అది నిండగానే మోటారు తనంతట తాను ఆగి, పీడనం తగ్గినప్పుడు మళ్లీ మొదలయ్యే ఏర్పాటు ఉంటే చప్పుడూ తగ్గుతుంది, మోటారూ అతిగా వేడెక్కదు.

పీడనాన్ని తగ్గించి స్థిరంగా ఉంచే రెగ్యులేటర్, దానిని చూపే మీటరు తప్పనిసరి. మోడళ్ల పని చాలావరకు 15 నుంచి 20 పీఎస్‌ఐ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య, అంటే సుమారు 1 నుంచి 1.4 బార్ మధ్య జరుగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే మీటరు ముల్లు కొంత కిందికి దిగుతుంది కాబట్టి, గాలి వదులుతూ ఉండగా కనిపించే అంకెనే లెక్కలోకి తీసుకొని రెగ్యులేటర్‌ను సరిచేయాలి.

నీటిని పట్టి ఉంచే ఫిల్టర్ కూడా ఉండాలి. కంప్రెసర్‌లో నొక్కుకుపోయినప్పుడు వేడెక్కిన గాలి తిరిగి చల్లబడేటప్పుడు అందులోని తేమ నీరుగా మారుతుంది. ఆ నీటిచుక్క రంగుతో కలిసి బయటికి వస్తే పూత పాడవుతుంది. ట్యాంకు అడుగున నీరు వదిలే మర ఉందో లేదో చూడండి.

కంప్రెసర్‌కు బదులు, పీడనంతో గ్యాస్ నింపిన డబ్బాలతో మొదలుపెట్టాలనే ఆలోచన మానుకోండి. వాడే కొద్దీ డబ్బా చల్లబడి, పని మధ్యలోనే పీడనం పడిపోతుంది.

రెండవ మెట్టు: ఎయిర్‌బ్రష్

సింగిల్ యాక్షన్ రకంలో ట్రిగ్గర్ గాలిని మాత్రమే వదులుతుంది. రంగు ఎంత రావాలో విడిగా ఉన్న మరతో ముందుగానే నిర్ణయించాలి. డ్యూయల్ యాక్షన్ రకంలో ట్రిగ్గర్‌ను కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వస్తాయి. చేతికి అలవాటు కావడానికి కొంత సాధన కావాలి గానీ, గీత మందాన్ని వేలి కొసతోనే మార్చుకోగలిగే ఈ రకాన్నే మొదటినుంచీ నేర్చుకోవడం మంచిది.

రంగు కప్పు పైన ఉండే గ్రావిటీ ఫీడ్ రకం మోడళ్లకు అనువైనది. రంగు దానంతట అదే కిందికి జారుతుంది కాబట్టి తక్కువ పీడనం చాలు, కొద్ది చుక్కలతోనూ పని జరుగుతుంది, కడగడమూ తేలిక. రంగు సీసాను కింద తగిలించే రకం పెద్ద మోడళ్లకు, ఒకే రంగును ఎక్కువగా వాడేవారికి పనికొస్తుంది.

నాజిల్ విషయంలో చాలామంది అతి సన్నని 0.2 మి.మీ. వైపు మొగ్గుతారు. సన్నని గీతలకు అది మంచిదే గానీ, అక్రిలిక్ రంగు దాని కొనమీద ఎండిపోయి తరచూ అడ్డుపడుతుంది. ప్రైమర్‌కు (రంగు కంటే ముందు వేసే పూతకు) అయితే అసలే నప్పదు. మొదటి ఎయిర్‌బ్రష్‌కు 0.3 నుంచి 0.4 మి.మీ. సరైన కొలత. పాలలా పలుచగా కలిపిన రంగు దానిలోంచి హాయిగా సాగుతుంది, ప్రైమర్, వార్నిష్ కూడా వేయవచ్చు. కార్ల మోడళ్లే ప్రధానమైతే 0.5 మి.మీ. ఎంచుకోండి.

మూడవ మెట్టు: విడిభాగాలు, అతుకులు

రంగు ఎంత రావాలో అదుపు చేసే లోపలి సూది కొన వంగడం, నాజిల్ చీలడం ఎవరికైనా జరిగేవే. అందువల్ల అవి విడిగా దొరకని ఎయిర్‌బ్రష్‌ను, ధర ఎంత తక్కువైనా, వదిలేయండి. లక్కర్ (ఘాటైన ద్రావకాలున్న రంగు) థిన్నర్ వాడేవారు లోపలి సీళ్లు పీటీఎఫ్‌ఈతో (టెఫ్లాన్‌తో) చేసినవో కాదో తప్పక అడగాలి, ఎందుకంటే మామూలు రబ్బరు ఆ ద్రావకానికి ఉబ్బిపోతుంది. గొట్టాన్ని బిగించే థ్రెడ్ల కొలత చాలా కంపెనీల్లో 1/8 అంగుళమే అయినా, బ్యాడ్జర్ వంటి కొన్నింటిలో వేరుగా ఉంటుంది. అప్పుడు అడాప్టర్ కావాలి.

నాలుగవ మెట్టు: తెచ్చిన వెంటనే పరీక్ష

సూదిని వెనక్కి మెల్లగా లాగి, వెలుతురులో తిప్పుతూ కొన తిన్నగా ఉందో లేదో చూడండి. తరువాత కప్పులో నీరు పోసి కాగితం మీద చిమ్మండి. కప్పులోకి బుడగలు వస్తుంటే నాజిల్ సరిగ్గా బిగుసుకోలేదనో, అడ్డుపడిందనో అర్థం. ఎయిర్‌బ్రష్‌ను ముట్టుకోకపోయినా మోటారు మాటిమాటికీ మొదలవుతుంటే ఎక్కడో గాలి పోతోంది. అతుకుల మీద సబ్బునీళ్లు పూస్తే ఆ చోటు బయటపడుతుంది.

కొనుగోలు లెక్కలో మాస్కును కూడా చేర్చండి. రంగు పొగమంచులా గాలిలో తేలుతుంది కాబట్టి నీటి ఆధారిత రంగులకు సైతం ముఖానికి బిగుతుగా పట్టే, సన్నని కణాలను వడగట్టే మాస్కు అవసరం. లక్కర్‌కు అయితే ద్రావకాల ఆవిరిని కూడా ఆపే కార్ట్రిడ్జ్ ఉన్నదే వాడాలి, గదిలోని గాలి బయటికి పోయే ఏర్పాటూ చేసుకోవాలి.