పిల్లల టీకా పరిహారం: మూడేళ్ల గడువు ఏ రోజు మొదలవుతుంది?

అమెరికాలో పిల్లలకు టీకా వేయించిన ప్రతిసారీ క్లినిక్‌లో ఆ టీకా గురించిన కాగితం ఒకటి చేతిలో పెడతారు. దాని చివర్లో, పరిహారం అడగడానికి గడువు ఉంది, అది రెండేళ్లే కూడా కావచ్చు అని ఒక వాక్యం ఉంటుంది. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని బయటపడే హడావిడిలో ఆ కాగితం డైపర్ బ్యాగ్‌లోకి, అక్కణ్ణుంచి చెత్తబుట్టలోకి పోతుంది. టీకాల వల్ల తీవ్రమైన హాని జరగడం చాలా అరుదు కాబట్టి ఎక్కువమందికి ఆ వాక్యంతో పనే పడదు. పని పడినవాళ్లకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది అదే, అందుకే ఇది రాస్తున్నాను.

అక్కడ 1986లో చేసిన చట్టం కింద 1988 అక్టోబర్ 1 నుంచి జాతీయ టీకా హాని పరిహార పథకం నడుస్తోంది. డాక్టర్ తప్పు చేశాడని నిరూపించక్కర్లేదు. ప్రతి డోసు మీద, అది అడ్డుకునే ఒక్కో జబ్బుకు 75 సెంట్ల చొప్పున వసూలయ్యే పన్నుతో ఏర్పడిన నిధి నుంచి డబ్బు ఇస్తారు. టీకా అమెరికాలో వేయించి ఉంటే పౌరసత్వం అవసరం లేదు, హెచ్‌1బి మీద ఉన్న తల్లిదండ్రులు కూడా బిడ్డ తరఫున పరిహారం పిటిషన్ వేయవచ్చు.

గడువు మూడేళ్లు. కానీ ఏ రోజు నుంచి? టీకా వేసిన రోజు నుంచి కాదు, జబ్బుకు పేరు పెట్టిన రోజు నుంచి కాదు, ఇది టీకా వల్లేనేమో అని మనకు అనుమానం వచ్చిన రోజు నుంచి అసలే కాదు. మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి. అప్పుడు అది లక్షణమని మనకు తెలిసినా తెలియకపోయినా లెక్క ఒకటే.

2007లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు తేల్చిన ఒక పాప కేసు చూడండి. 2000 జూలై 10న టీకాలు వేశారు. అదే రోజు పాప కళ్లు గబగబా ఆర్పడం తల్లిదండ్రులు చూశారు, అలసిపోయిందేమో అనుకున్నారు. ఆగస్టు 30న పెద్ద ఫిట్స్ వచ్చింది. వాళ్లు 2003 ఆగస్టు 29న పిటిషన్ వేశారు, అంటే ఫిట్స్ నుంచి లెక్కపెడితే ఒక రోజు ముందే. కోర్టు మాత్రం కళ్లు ఆర్పిన రోజునే మొదటి లక్షణంగా తీసుకుంది. గడువు జూలైలోనే దాటిపోయిందని కేసు కొట్టేశారు. ఆ ఏడు వారాల గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఆ మొదటి రోజును పట్టుకోవడం. మన ఇళ్లలో అది ఎక్కువగా వాట్సాప్‌లో ఉంటుంది. "అమ్మా, చంటిది రాత్రి నుంచి ఉలిక్కిపడుతోంది, ఈ వీడియో చూడు" అని ఊళ్లో ఉన్న అమ్మమ్మకు పంపి ఉంటారు, ఆవిడ దిష్టి తీయమని చెప్పి ఉంటుంది. ఆ మెసేజ్ మీదున్న తేదీ చూడండి. నర్సుకు ఫోన్ చేసిన రోజు, పిల్లల డాక్టర్ పోర్టల్‌లో రాసిన ప్రశ్న, ఎమర్జెన్సీలో "ఎప్పటినుంచి ఇలా ఉంది" అని అడిగితే మీరు చెప్పిన జవాబు, ఇవన్నీ రికార్డుల్లో ఉంటాయి, అవతలి పక్షమైన ప్రభుత్వం లాయర్లు చదువుతారు కూడా. రెండు మూడు తేదీలు కనిపిస్తే అన్నిటికంటే ముందుదాన్నే తీసుకోండి. ఉదాహరణకు 2024 మార్చి 12న ఉలికిపాటు, మేలో ఫిట్స్, 2025 జనవరిలో జబ్బు పేరు తెలిసిందనుకుందాం. మీ గడువు 2027 మార్చి 12, 2028 జనవరి కాదు. అసలు ఆ మార్చి దాకా కూడా ఆగొద్దు.

ఇంకో అపోహ, మైనర్ కదా, 18 నిండేదాకా టైం ఆగుతుందిలే అనుకోవడం. ఇండియాలో లిమిటేషన్ చట్టం 6వ సెక్షన్ మైనర్లకు అలాంటి వెసులుబాటు ఇస్తుంది కాబట్టి మనకు ఇది సహజంగానే తడుతుంది. ఈ పథకంలో బిడ్డ వయసు వల్ల గడియారం ఆగదు. గడువు సడలించే అవకాశం ఉందని 2011లో కోర్టు ఒప్పుకున్నా, అది ఏ మోసమో జరిగినలాంటి అరుదైన సందర్భాలకే. మాకు తెలియదు అన్నది కారణం కాదు.

బిడ్డ చనిపోతే లెక్క వేరు. మరణం నుంచి రెండేళ్లలోపు, అలాగే మొదటి లక్షణం నుంచి నాలుగేళ్లలోపు, రెండూ కుదరాలి. ఆ దుఃఖంలో తల్లిదండ్రులకు ఇవేవీ తోచవు, బాబాయో మేనమామో ఎవరో ఒకరు తేదీలు చూసిపెట్టాలి.

హాని ఆరు నెలలకు మించి ఉండాలన్న షరతు కూడా ఉంది. ఆసుపత్రిలో చేర్చి ఆపరేషన్ చేయాల్సి వస్తే ఆ షరతు వర్తించదు, రోటావైరస్ టీకా తర్వాత పేగు ముడుచుకుపోయిన పిల్లల విషయంలో ఇది జరుగుతుంది. ఆరు నెలలు చూద్దాం అని ఆగినా మూడేళ్ల గడియారం తిరుగుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి.

తర్వాత రికార్డులు. టీకా పేరు, తేదీ, కంపెనీ, లాట్ నంబర్, వేసినవాళ్ల వివరాలు క్లినిక్ రాసి ఉంచాలని చట్టమే చెబుతోంది. అడిగిన 30 రోజుల్లో రికార్డులు ఇవ్వాలి, ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. నాలుగు ఆసుపత్రులు తిరిగి ఉంటే నెలలు పడుతుంది. గడువు దగ్గర పడితే అన్నీ చేతికొచ్చేదాకా ఆగకుండా ముందు పిటిషన్ వేసి, మిగతావి తర్వాత ఇవ్వవచ్చు.

వేయాల్సింది వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో. వేయర్స్ (VAERS) కు రిపోర్టు చేశాం కదా అని ఊరుకోకండి, అది దుష్ప్రభావాల నమోదు మాత్రమే, పరిహారం పిటిషన్ కాదు. సొంతంగా పోస్టులో పంపితే, మీరు పోస్టు చేసిన తేదీ కాకుండా కోర్టు క్లర్కుకు అందిన తేదీ లెక్క. లాయర్‌ను పెట్టుకోవడమే మేలు. ఈ కేసులు చూసే లాయర్ల జాబితా ఆ కోర్టు వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, వాళ్ల ఫీజు మీ పరిహారంలోంచి కోయరు, సద్బుద్ధితో, తగిన ఆధారంతో వేసిన కేసైతే ఓడినా నిధి నుంచే ఇస్తారు. గడువుకు రెండు వారాల ముందు వెళ్తే మాత్రం ఒప్పుకునే లాయర్ దొరకడం కష్టం.

కోవిడ్ టీకా దీని కిందికి రాదు, దానికి వేరే పథకం, అక్కడ టీకా వేసిన రోజు నుంచి ఒక్క ఏడాదే. సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు అక్కడ వేయించిన టీకా కూడా మామూలుగా రాదు. అమెరికా తయారీదారు చేసిన టీకా అయి, ఆరు నెలల్లో తిరిగొచ్చి ఉంటే అడగవచ్చు.

గడువు దాటిందని మీకు మీరే తీర్మానించుకోకండి. పరిహారానికి అర్హమైన హానుల పట్టికను ప్రభుత్వం మార్చి, దానివల్ల మీ బిడ్డ కేసు కొత్తగా అర్హమైతే, ఆ మార్పు అమల్లోకి వచ్చిన రెండేళ్లలోపు వేసుకోవచ్చు, హాని ఆ మార్పుకు ముందు ఎనిమిదేళ్లలోపు జరిగి ఉండాలి. ఆలస్యమైన పిటిషన్ అయినా సద్బుద్ధితో, తగిన ఆధారంతో వేస్తే లాయర్ ఫీజు ఇవ్వవచ్చని 2013లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది కూడా, కాబట్టి తేదీలు రాసుకుని ఒకసారి ఆ జాబితాలోని లాయర్‌కు ఫోన్ చేయండి.