బీ-సిరీస్ హోండాలో ఇన్‌టేక్ క్యామ్ ఒకదానిది, ఎగ్జాస్ట్ క్యామ్ ఇంకోదానిది వేస్తున్నారా? గేర్ మీద గీతల్ని నమ్మకండి

బీ16ఏ, జీఎస్ఆర్, టైప్ ఆర్, ఈ మూడు హోండా ఇంజన్ల వీటెక్ హెడ్లలో క్యామ్‌లు (వాల్వుల్ని తెరిచే షాఫ్టులు) ఒకదాంట్లోవి ఇంకోదాంట్లో హాయిగా కూర్చుంటాయి, అందుకే పాత ఇంటెగ్రా, సివిక్ మోడ్ చేసేవాళ్ళు ఏది దొరికితే అది తెచ్చి వేసేస్తుంటారు. కానీ కూర్చోవడం వేరు, సరిగ్గా పనిచేయడం వేరు. ఇక్కడ బాగా కనిపించే కేసే తీసుకుంటున్నా, జీఎస్ఆర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ క్యామ్ అలాగే ఉంచి ఇన్‌టేక్‌కి టైప్ ఆర్ క్యామ్ వేయడం. మన దగ్గర తిరిగిన పాత సిటీ 1.5 వీటెక్ సింగిల్ క్యామ్ డీ-సిరీస్, దానికి ఈ పార్టులేవీ పట్టవు. అలాగే వీటెక్ లేని బీ18బీ క్యామ్ కూడా ఈ హెడ్‌లోకి రాదు, ఎందుకంటే వీటెక్ హెడ్‌లో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో క్యామ్ మీద 3 లోబ్‌లు ఉంటాయి, దాంట్లో 2 మాత్రమే. లోబ్ అంటే వాల్వ్‌ని తెరవడానికి క్యామ్ మీద ఉండే గుబ్బ, వీటెక్ అంటే ఆర్పీఎం పెరిగాక వాల్వుల్ని పక్కనున్న చిన్న లోబ్‌ల నుంచి మధ్యలోని పెద్ద లోబ్ మీదకి మార్చే ఏర్పాటు.

ముందు ఏది దేనితో జతో చూసుకోండి. క్యామ్ క్యాపులు హెడ్‌తో కలిపి బోర్ చేసినవి కాబట్టి వేరే హెడ్ క్యాపులు పొరపాటున కూడా వాడొద్దు, వాటి మీద నంబరూ బాణం గుర్తూ ఉంటాయి, ఏది ఎక్కడిదో అక్కడే పెట్టండి. సెకండ్ హ్యాండ్ క్యామ్ కొంటుంటే దాని రాకర్లు (లోబ్ కదలికని వాల్వ్‌కి అందించే చేతులు) కూడా అడిగి తీసుకోండి, ఈ ఇంజన్లో రాకర్ ప్యాడ్ లోబ్ మీద జారుతూ అరుగుతుంది కాబట్టి రెండూ ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి. దొరక్కపోతే ప్యాడ్ మీద వేలు పెట్టి చూడండి, గీత గానీ గుంట గానీ తగిలితే ఆ రాకర్ పక్కన పడేయండి.

తర్వాత స్ప్రింగులు. టైప్ ఆర్ ఇన్‌టేక్ లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) దాదాపు 11.5 మిల్లీమీటర్లు, జీఎస్ఆర్ కంటే ఎక్కువ, రెడ్‌లైన్ కూడా పెంచుతారు కదా, కాబట్టి అటువైపు టైప్ ఆర్ స్ప్రింగులూ రిటైనర్లూ వేసేయడమే మేలు. ఫుల్ లిఫ్ట్‌లో స్ప్రింగ్ చుట్లు పూర్తిగా మూసుకుపోకుండా కనీసం 1 మిల్లీమీటర్ ఖాళీ మిగలాలి. మధ్య రాకర్ కింద ఉండే లాస్ట్ మోషన్ అసెంబ్లీని (ఆ రాకర్‌ని లోబ్‌కి ఆనించి ఉంచే స్ప్రింగ్) బొటనవేలితో నొక్కి చూడండి, మెత్తగా లోపలికి వెళ్ళి వెంటనే పైకి రావాలి, ఇరుక్కుంటే మార్చేయాల్సిందే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. క్యామ్ గేర్ మీద టైమింగ్ గీతలు కంపెనీ వేసిన జత క్యామ్‌ల కోసం. జత మారాక, పైగా హెడ్‌నో బ్లాక్‌నో మెషినింగ్ చేయించి ఉంటే, ఆ గీతలు కలిసినా క్యామ్ ఉండాల్సిన చోట ఉందని కాదు. అడ్జస్టబుల్ గేర్లు వేసి, డిగ్రీ వీల్ (క్రాంక్‌కి బిగించే డిగ్రీల చక్రం), డయల్ గేజ్ పట్టుకుని కొలవాలి. పిస్టన్ స్టాప్ పెట్టి క్రాంక్‌ని ఒకసారి ఇటు ఒకసారి అటు తిప్పి, రెండు రీడింగుల మధ్యలో కరెక్ట్ టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైన ఉండే చోటు) పట్టండి. డయల్ గేజ్ మధ్య లోబ్ రాకర్ మీద పెట్టి, పీక్‌కి ముందూ వెనకా ఒకే లిఫ్ట్ దగ్గర డిగ్రీలు రాసుకుని సగం చేస్తే లోబ్ సెంటర్ వస్తుంది. రెండు క్యామ్‌లకీ చేయండి. బీ-సిరీస్ అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది, పిస్టన్ స్టాప్‌తో టీడీసీ పట్టేటప్పుడు తప్ప చేత్తో తిప్పేటప్పుడు కూడా అటే తిప్పాలి, అటు తిప్పితే క్రాంక్ బోల్ట్ ఊడే దిక్కు కాబట్టి ముందే దాన్ని ఫుల్ టార్క్‌కి బిగించి ఉంచండి. క్యామ్ 1 డిగ్రీ జరిగితే క్రాంక్ మీద అది 2 డిగ్రీలు, మీ గేర్ మీద గీతలు దేని లెక్కలో ఉన్నాయో చూసుకోండి.

వాల్వ్‌కి పిస్టన్‌కి మధ్య ఖాళీ చూడటంలోనే చాలామంది దెబ్బతింటారు. పిస్టన్ మీద క్లే పెట్టి రెండు చుట్లు తిప్పి కోసి కొలుస్తారు, చూస్తే బోలెడు ఖాళీ ఉంటుంది, సంబరపడి మూసేస్తారు. కానీ చేత్తో తిప్పేటప్పుడు ఆయిల్ ప్రెషర్ లేదు కాబట్టి వీటెక్ పిన్నులు (మూడు రాకర్లనీ కలిపే పిన్నులు) లాక్ అవ్వవు, వాల్వులు చిన్న లోబ్‌ల మీదే నడుస్తాయి, మీరు కొలిచింది పెద్ద లోబ్ లిఫ్ట్ కానే కాదు! ఆయిల్ దారిలోకి కంప్రెస్డ్ ఎయిర్ ఇచ్చి పిన్నులు లాక్ చేసి, గాలి అలాగే పట్టి ఉంచి తిప్పాలి. లోబ్ బేస్ మీద ఉన్నప్పుడే మూడు రాకర్లూ వరసలోకి వచ్చి పిన్ను జారుతుంది. ఇన్‌టేక్ దగ్గర 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ దగ్గర 2.5 ఉంటే నిశ్చింత. ఇన్‌టేక్ అడ్వాన్స్ చేసినా, ఎగ్జాస్ట్ రిటార్డ్ చేసినా ఈ ఖాళీ తగ్గుతుంది, కాబట్టి డైనో (పవర్, టార్క్ కొలిచే యంత్రం) మీద ఎంతవరకు జరపాలనుకుంటున్నారో ఆ చివరి పొజిషన్లో కొలవండి, సున్నా దగ్గర కాదు. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా తగిలితే రెంచి మీద బలం పెట్టొద్దు, ఆపేసి వెతకండి.

వాల్వ్ క్లియరెన్స్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.15 నుంచి 0.19, ఎగ్జాస్ట్ 0.17 నుంచి 0.21 మిల్లీమీటర్లు, ఇది కంపెనీ క్యామ్‌లకి, బయటి కంపెనీ క్యామ్ అయితే దానితో వచ్చిన కార్డు చూడండి. లోబ్‌ల మీద అసెంబ్లీ పేస్ట్ పూయండి, క్యాపులు మధ్యలోంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా బిగించండి.

ఇంకోటి చాలామంది గమనించరు, ఈ ఇంజన్లో డిస్ట్రిబ్యూటర్ తిరిగేది ఇన్‌టేక్ క్యామ్ చివర నుంచి. అంటే ఇన్‌టేక్ గేర్ జరిపిన ప్రతిసారీ ఇగ్నిషన్ టైమింగ్ కూడా జరిగిపోతుంది. సర్వీస్ కనెక్టర్ జంపర్ చేసి, టైమింగ్ లైట్‌తో ఐడిల్‌లో 16 డిగ్రీలకి మళ్ళీ సెట్ చేయకుండా డైనో రన్ కొడితే, పవర్ పెరిగింది క్యామ్ వల్లనా స్పార్క్ వల్లనా ఎవరూ చెప్పలేరు.

వీటెక్ ఎక్కడ కలవాలన్నది కూడా అప్పుడే తేలుతుంది. జీఎస్ఆర్‌లో అది 4400 ఆర్పీఎం దగ్గర, టైప్ ఆర్‌లో 5700 దగ్గర, మీ జత ఈ రెండూ కాదు కాబట్టి రెండింటి ఈసీయూల్లో (ఇంజన్ కంప్యూటర్లలో) ఏదీ నేరుగా సరిపోదు. చిన్న లోబ్‌ల మీద ఒక రన్, పెద్ద లోబ్‌ల మీద ఒక రన్ తీయించి, రెండు టార్క్ గీతలు ఎక్కడ దాటుకుంటాయో అక్కడ పెట్టించండి. గేర్లు ఒకసారికి ఒక్కటే, 2 డిగ్రీలు మించకుండా జరపండి, జరిపిన ప్రతి నంబరూ కాగితం మీద రాయండి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక ఇంజన్ చల్లారాక కవర్ విప్పి క్లియరెన్స్ మళ్ళీ చూడండి, గేర్ బోల్టులు కూడా అప్పుడే ఒకసారి టార్క్ చెక్ చేసేయండి.