పుట్టింటి ఆస్తి కాగితం మీద సంతకం పెట్టే ముందు

నాన్న పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే అన్నయ్య ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. లోపల మూడు స్టాంపు పేపర్లు. చివరి పేజీలో నేను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు. దాని పైన అక్క సంతకం అప్పటికే ఉంది. "ఏం లేదమ్మా, పొలం నా పేరు మీదకి మారాలంటే మీ ఇద్దరి సంతకాలూ కావాలట" అన్నాడు. మా అన్నయ్య చెడ్డవాడు కాదు. నా రెండు పురుళ్లూ ఆ ఇంట్లోనే పోశారు. ఒక ఏడాది మా అబ్బాయి ఫీజు తనే కట్టాడు.

"రెండు రోజులు ఉంచన్నయ్యా, చదువుకుని ఇస్తాను" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలీదు. చదివితే అది హక్కు విడుదల దస్తావేజు. "నా వాటా సొత్తును నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను" అని ఉంది. ఇది 2016లో మాట. ఆ తర్వాత నేను తెనాలిలో పారా లీగల్ వాలంటీరుగా, అంటే న్యాయ సాయం కావాల్సినవాళ్లకి దారి చూపే కార్యకర్తగా చేరాను. ఇలాంటి కవర్లు పట్టుకుని వచ్చే ఆడవాళ్లకి నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మనసులో ముడి విప్పుకోవాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అనే మాట "అన్నయ్య మంచోడండీ, ఆయన్ని కోర్టుకి లాగితే పాపం కదా" అని. దీనికి నాకు జవాబు ఒక అంతర్జాతీయ ఒప్పందంలో దొరికింది. మహిళల పట్ల అన్ని రకాల వివక్షనూ నిర్మూలించాలని ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించిన ఒప్పందం అది, సీడా అంటారు. మన దేశం 1993లో దాన్ని ధ్రువీకరించింది. అందులో మొదటి అధికరణమే వివక్ష అంటే ఏంటో చెబుతుంది. ఆడమనిషి అన్న కారణంతో చూపే తేడా, ఉద్దేశంతో చేసినా సరే, దాని ఫలితం అలా ఉన్నా సరే, ఆమెకి హక్కు దక్కకుండా చేస్తే అది వివక్షే. ఫలితం అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అన్నయ్య ఉద్దేశం మంచిదా కాదా అని నేను తేల్చక్కర్లేదు. కాగితం మీద సంతకం పడ్డాక నాకు మిగిలేది ఏంటన్నదే చూసుకోవాలి. మిగిలేది సున్నా. అన్నయ్య మీద ప్రేమ అలాగే ఉంచుకుని, ఆ కాగితాన్ని పక్కన పెట్టొచ్చు.

ఈ ఒప్పందం పట్టుకుని నేరుగా జెనీవాలోని ఐక్యరాజ్యసమితి కమిటీకి ఫిర్యాదు పంపడం మాత్రం మనకి కుదరదు. దానికి వేరే అనుబంధ ఒప్పందం ఉంది, మన దేశం అందులో చేరలేదు. పైగా ఏ మతం వాళ్ల కుటుంబ వ్యవహారాల్లోనూ వాళ్లంతట వాళ్లు ముందుకొచ్చి ఒప్పుకుంటే తప్ప జోక్యం చేసుకోం అని మన ప్రభుత్వం అప్పుడే ఒక ప్రకటన కూడా చేర్చింది. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అయినా మన కోర్టులు ఈ ఒప్పందాన్ని పక్కన పెట్టలేదు. 1996లో మసిలామణి ముదలియార్ కేసులో ఆడవాళ్ల ఆస్తి హక్కు గురించి తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు సీడాని ప్రస్తావించింది. అందుకే మీ వకీలుతో నోటీసు రాయించేటప్పుడు సీడా గురించి ఒక్క వాక్యం కూడా పెట్టించండి. అసలు పని మాత్రం మన హిందూ వారసత్వ చట్టంతోనే జరుగుతుంది.

ఆ చట్టంలో నాలుగు తేదీలు గుర్తుంచుకోవాలి. మా ఇంట్లో అక్క పెళ్లి 1983లో, నాది 1990లో. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన రాష్ట్ర చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది, కానీ ఆ తేదీకి పెళ్లి అయిపోయిన వాళ్లకి కాదు. అంటే ఒకే తల్లి కడుపున పుట్టినా నాకుంది, అక్కకి లేదు. ఆ తేడాని 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ తీసేసింది. పెళ్లి ఎప్పుడైనా కూతురు పుట్టుకతోనే వాటాదారు. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అన్న గొడవ చాలా ఏళ్లు నడిచి, 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ తీర్పుతో అక్కర్లేదని తేలింది. మీకు ఎదురయ్యే ముఖ్యమైన అడ్డంకి ఒకటి, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టర్ అయిన పంపకం గానీ కోర్టు డిక్రీ గానీ ఉంటే దాన్ని తిరగదోడలేరు. "ఎప్పుడో నోటి మాటగా పంచేసుకున్నాం" అంటే కోర్టు అంత తేలిగ్గా నమ్మదు.

ఇక లెక్క. చాలామందికి ఇక్కడే టెన్షన్, కానీ కాగితం మీద వేస్తే పది నిమిషాల పని. మాది ముత్తాత నుంచి పంపకం కాకుండా వచ్చిన మూడెకరాల ఇరవై సెంట్లు, అంటే 320 సెంట్లు. నాన్న, అన్నయ్య, అక్క, నేను, నాలుగు సమాన వాటాలు, ఒక్కొక్కటి 80 సెంట్లు. నాన్న పోయారు, వీలునామా లేదు. ఆయన 80 సెంట్లు మళ్లీ అమ్మకీ ముగ్గురు పిల్లలకీ తలా 20. అంటే మా ముగ్గురికీ తలా ఎకరం, అమ్మకి 20 సెంట్లు. ఇది చూపించినప్పుడు అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. మొత్తం పొలం పోతుందేమోనని ఆయన భయం, ఆ లెక్కతో కొంచెం తగ్గింది.

నాన్న సొంతంగా కొన్న స్వార్జితమైతే దారి వేరు. వీలునామా లేకపోతే భార్యకీ, నాయనమ్మ బతికి ఉంటే ఆమెకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమానం. వీలునామా ఉంటే ఆయన ఇష్టం. తాత దగ్గర నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం అనుకుని పొరబడేవాళ్లు చాలామంది. తాత సొంత సంపాదన 1956 తర్వాత వారసత్వంగా నాన్నకి వచ్చి ఉంటే అది నాన్న స్వార్జితంగానే చూస్తారు. నేను చెప్పేదంతా హిందూ వారసత్వ చట్టం కిందకి వచ్చేవాళ్లకి. ముస్లిం, గిరిజన కుటుంబాలకి రూల్స్ వేరు, క్రైస్తవులకి వేరే చట్టం ఉన్నా కొడుకూ కూతురూ సమానమే.

"కట్నం ఇచ్చాం కదా" అంటారు. కట్నం ఇవ్వడం 1961 నుంచి నేరం. నేరం చేసి ఇచ్చిన డబ్బు చూపించి హక్కు తీసేయడం కుదరదు. ఈ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం నా గొంతు కొంచెం పెరుగుతుంది.

కాగితాలు గొడవ పెరగక ముందే, నెమ్మదిగా తెచ్చుకోండి. సర్వే నంబరు తెలిస్తే 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు ప్రభుత్వ 'మీభూమి' వెబ్‌సైటులో చూడొచ్చు, తెలంగాణ వాళ్లయితే భూ భారతి. పాత పాస్‌బుక్ ఫొటో ఫోన్‌లో తీసి పెట్టుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా తీయించండి. మధ్యలో ఎవరికైనా అమ్మారా, గిఫ్టు రాశారా అన్నది అందులో బయటపడుతుంది. ఏదైనా దస్తావేజు కనిపిస్తే దాని నకలు అడగండి. నాన్న మరణ ధ్రువపత్రం కూడా రెండు మూడు కాపీలు.

అన్నిటిలోకీ జాగ్రత్తగా చూడాల్సింది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. ఒకావిడ తన పుట్టింటి సర్టిఫికెట్ తెచ్చి చూపించింది. తల్లి పేరు, ఇద్దరు తమ్ముళ్ల పేర్లు, అక్కడితో సరి. ఇద్దరు ఆడపిల్లలు ఆ ఇంట్లో పుట్టనేలేదన్నట్టు ఉంది. ఆవిడ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి వెనక కూడా చూసింది, తన పేరు అక్కడైనా ఉంటుందేమో అని. అన్నదమ్ములు దరఖాస్తు పెట్టేటప్పుడే మీ పేరు చేర్పించండి. ఇప్పటికే వదిలేసి ఉంటే తహసీల్దారుకి రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి. రసీదు ఇచ్చేదాకా కదలొద్దు.

తెల్లకాగితం మీదైనా సంతకం పెట్టొద్దు. రేపు దాన్ని కుటుంబ ఒప్పందం అని కోర్టులో చూపిస్తారు. ఇప్పటికే పెట్టేశారా? అయితే అది రిజిస్టర్ అయిందో లేదో ముందు చూడండి. వాటా వదులుకునే దస్తావేజు రిజిస్టర్ కాకపోతే హక్కు పోదు. మా అక్క వాటా బతికింది అలాగే. రిజిస్టర్ అయిపోయి, మోసం చేసి పెట్టించుకున్నారని తెలిస్తే, తెలిసిన మూడేళ్లలోపు రద్దు కోసం దావా వేయాలి.

ఇంట్లో మాట్లాడటానికి ఏడుపులూ చుట్టాలూ ఉండే రోజు వద్దు. లెక్క కాగితం మీద రాసి తీసుకెళ్లండి. వదినని కూడా కూర్చోబెట్టండి, ఆవిడకీ ఒక పుట్టిల్లు ఉంది. కుదరకపోతే వకీలు ద్వారా నోటీసు, దానికీ కదలకపోతే భాగ పంపకం దావా. ఈలోపు అమ్మేస్తారన్న భయం ఉంటే దావాతో పాటే తాత్కాలిక ఇంజంక్షన్, అంటే అమ్మకుండా ఆపే కోర్టు ఉత్తర్వు అడగాలి. డబ్బు లేదని ఆగిపోవద్దు. న్యాయ సేవాధికార సంస్థ చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి, లేదా మీ ఊరి కోర్టు ఆవరణలో ఉండే ఆఫీసుకి వెళ్లండి. నేను చూసినంతలో సగం గొడవలు నోటీసు తర్వాత లోక్ అదాలత్‌లోనే రాజీ అవుతాయి.

మాది దావా దాకా వెళ్లలేదు. 2017లో పంపకాల దస్తావేజు రిజిస్టర్ చేసుకున్నాం. నా ఎకరం అన్నయ్యే కౌలుకి చేస్తున్నాడు, రాతపూర్వకంగా. రిజిస్ట్రేషన్‌తో పని అయిపోదు. మ్యుటేషన్‌కి, అంటే భూమి రికార్డులో పేరు మార్పుకి దరఖాస్తు పెట్టి, 1బిలో మీ పేరు ఎక్కిందాకా, పాస్‌బుక్ చేతికి వచ్చిందాకా వదలొద్దు.

తల్లి వాటా సంగతి అందరూ మర్చిపోతారు, కూతుళ్లు కూడా. మీ లెక్కలో అమ్మ పేరు మొదట రాయండి. మా అమ్మకి డెబ్భై దాటాక ఇరవై సెంట్లకి తన పేరున మొదటిసారి పాస్‌బుక్ వచ్చింది. దానికి ఫొటో దిగే రోజు రెండు చీరలు మార్చింది.